ఐదో చిరునామా

జనవరి 30, గురువారం

ఈ డైరీ నాది కాదు, మా ఆయన క్లైవ్‌ది. "రోజూ నది మట్టం రాయి, వచ్చిన ఉత్తరాలు రాయి, ఇంకేమీ రాయకు" అని నా చేతిలో పెట్టి ఆసుపత్రి మంచం ఎక్కాడు. సోమవారం గుండె కవాటం మారుస్తారు.

నది: ముప్పావు మీటరు. ఉత్తరాలు రెండు, రెండూ పనికిమాలినవే. మిగతా పేజీ నాది.

వెళ్తూ వెళ్తూ పైజామాలు మర్చిపోయాడు, పలక కంప్యూటర్ మాత్రం మర్చిపోలేదు. పొద్దున్నే టీ తాగే ముందు ఇంటి చిరునామాలన్నిటినీ పలకరించాలట, అంటే ఒక్కోదానికీ చిన్న కబురు పంపి బదులు వస్తుందో లేదో చూడాలట. మా ఇంటర్నెట్ లైనుకి ఎనిమిది చిరునామాలున్నాయి. ఇరవై రెండేళ్ల నుంచీ ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడి నుంచైనా నేరుగా మా మెట్లకింద గదిలోకి వచ్చి తలుపు కొట్టొచ్చు. ఎనిమిది చిరునామాలున్న మనిషికి సొంత సాక్సులు ఎక్కడున్నాయో తెలియదు.

నిజానికి ఎనిమిదిలో వాడుకునేవి ఐదే. పెళ్లిలో మంత్రాల కన్నా ఈ పాఠమే నేను ఎక్కువసార్లు విన్నాను. మొదటిది వీధి పేరు బోర్డు, అక్కడెవరూ కాపురం ఉండరు. చివరిది చాటింపు వేసే చోటు, అక్కడా ఉండకూడదు. ఒకటి బయటి నుంచి వచ్చేవాళ్లని వడకట్టే కాపలా పెట్టెకి. మిగిలిన ఐదింటిలో ఒకదాని మీద ఊరి బ్యాండు మేళం పేజీ, ఒకదాని మీద వాళ్ల మెయిలు, ఒకదాని మీద మా వెనక కిటికీలోంచి నదిని చూసే కెమెరా. నాలుగోది ఆల్విన్‌ది. క్లైవ్‌తో పాటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆల్విన్, పోయి ఎనిమిదేళ్లయింది. పాత రేడియోలు బాగుచేయడం గురించి అతను రాసినవీ, తన గొంతుతో చెప్పి పెట్టినవీ ఇంకా అక్కడే ఉన్నాయి.

ఐదోది ఎప్పుడూ పలకదు. అయినా దాన్నీ రోజూ పలకరిస్తాడు.

"పలకని దాన్ని పలకరించడం ఎందుకు మహానుభావా?" అని ఇవాళ కూడా అడిగాను.

"అలవాటు" అన్నాడు.

ఫిబ్రవరి 1, శనివారం

నది: అంతే. ఉత్తరాలు లేవు.

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి. నలభై ఏళ్లు ఎక్స్ఛేంజిలో పనిచేసినవాడు, ఆసుపత్రి మంచం మీద పడుకుని, మా కాపలా పెట్టెకి కొత్త నియమం రాశాడట: "ఇంట్లో వాళ్లు తప్ప ఎవరూ నాతో మాట్లాడకూడదు." రాసి, సరే అని నొక్కాడు. తను ఇంట్లో లేడన్న సంగతి నొక్కాక గుర్తొచ్చింది.

"అంటే ఇప్పుడు నువ్వే బయట పడ్డావా?"

"నెమ్మదిగా మాట్లాడు, నర్సు వింటుంది."

"తాళం వేసి చెవి లోపల పడేసుకున్నావా?"

"పేజీలన్నీ పనిచేస్తున్నాయి గ్లెన్. తలుపు కొడితే పలుకుతున్నాయి కూడా. నేను లోపలికెళ్లి ఏమీ మార్చలేను, అంతే. ఇంటికొచ్చాక చూసుకుంటా. బ్యాండు వాళ్లకి చెప్పకు."

బ్యాండు వాళ్లకి చెప్పేశాను.

ఫిబ్రవరి 3

ఏడు గంటలు పట్టింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. పలక ఏది అన్నాడు. నేను ఏడ్చాను, అతను పలకరించుకున్నాడు. నాలుగూ పలికాయి, ఐదోది యథాప్రకారం.

నది చూడలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

ఆసుపత్రి బస్సులో రెండు గంటల దూరం, రోజూ వెళ్లలేను. రాత్రి భోజనాల వేళ ఫోన్లో ముఖం చూసుకుంటున్నాం. ఇంటి లైను పాతది, నత్తనడక. అతను ఏదో చెబుతూ నోరు తెరుస్తాడు, అలాగే బిగుసుకుపోతాడు. ఆపరేషను అయిన మనిషి ముఖం అలా కదలకుండా ఆగిపోతే చూడటం ఎంత కష్టమో ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కంపెనీ అబ్బాయి ఫోన్ చేశాడు. మా వీధికి కొత్త లైను వచ్చిందట, పది రెట్లు వేగమట. "మీవారి ముఖం అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది మేడమ్. పాత కంపెనీ వాళ్లకి మీరు చెప్పక్కర్లేదు, అంతా మేమే చూసుకుంటాం."

సరే అన్నాను. క్లైవ్ ఇంటికొచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. చెప్పను, ఆశ్చర్యపోతాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

కొత్త లైను వచ్చింది. బిగించినతను గంటలో పని ముగించి, మెట్లకింద నుంచి తీసిన పాత పెట్టెల వైపు చూపించి "ఇవి పారేయమంటారా అమ్మా?" అన్నాడు. వద్దన్నాను, ఎందుకో. గుమ్మం పక్కన వేలాడే కోట్ల కింద పెట్టాను.

రాత్రి క్లైవ్ ముఖం స్పష్టంగా కనిపించింది. గడ్డం గీసుకోలేదు. కనుబొమ్మలో తెల్ల వెంట్రుక ఒకటి నేనెప్పుడూ చూడనిది. అరగంట మాట్లాడాం, ఒక్కసారి కూడా ఆగలేదు. నా అంతటి తెలివైనది లేదనుకుంటూ పడుకున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

ఎనిమిదింటికే నస్రీన్ తలుపు బాదింది. వంతెన దగ్గర చేపల దుకాణం నస్రీన్‌ది. పదేళ్ల కిందటి వరదకి ఆమె దుకాణంలో నీళ్లు కౌంటరు ఎక్కాయి. అప్పటి నుంచీ పొద్దున లేవగానే మా కెమెరాలో నది చూసి గానీ గుమ్మానికి అడ్డుపలకలు పెట్టాలో వద్దో తేల్చుకోదు. వీధిలో ముప్పై ఇళ్లదీ అదే పద్ధతి.

"అక్కా, నది కనిపించడం లేదు. కెమెరాకి ఏమైంది?"

"ఏమీ కాలేదే. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా ఉంది."

"నీకు బ్రహ్మాండంగా ఉంటే నాకేం లాభం? నాకు నది కావాలి."

కొత్త కంపెనీకి ఫోన్ చేశాను. మా చిరునామాలు పనిచేయడం లేదన్నాను. "మీ పోస్ట్‌కోడ్ చెప్పండి" అంది ఆ అమ్మాయి. ఆ చిరునామా కాదమ్మా, ఇంటర్నెట్‌వి, ఎనిమిది ఉండేవి అన్నాను. కాసేపు ఎవరినో అడిగొచ్చింది. కొత్త లైనులో ఇంటికో చిరునామా ఉండదట. కొన్ని వందల ఇళ్లకి కలిపి ఒకటే గుమ్మమట. లోపలి నుంచి బయటికి వెళ్లొచ్చు, బయటి వాళ్లు ఫలానా ఇంటికి రావడం కుదరదు. మరి మా పాతవి ఎక్కడికెళ్లాయంటే, పాత కంపెనీకి తిరిగి వెళ్లిపోయి ఉంటాయంది.

సంతలో గొడుగు పోగొట్టుకున్నట్టు, క్లైవ్ ఇరవై రెండేళ్లు కాపాడుకున్నదాన్ని ఒక ఫోన్ కాల్‌లో పోగొట్టాను.

మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. "ఇంట్లో కరెంటు ఏమైనా పోయిందా?"

"పోయిందేమో" అన్నాను.

"సరే" అన్నాడు. అంతకుమించి అడగలేదు. నయం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

చెప్పేద్దామనే బస్సెక్కాను. గాయానికి చీము పట్టిందట, జ్వరం. "ఆయన్ని కంగారు పెట్టే మాటలు వద్దు" అని నర్సు గుమ్మంలోనే ఆపి చెప్పింది. చేయి పట్టుకుని కూర్చున్నాను.

"ఇంకా కరెంటు రాలేదా?"

"మెట్లకింద ఏదో ఫ్యూజు. మనిషిని పిలిచాను."

"మంచి పని చేశావు."

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 15

జ్వరం తగ్గలేదు. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

నది: ఒక మీటరు ఇరవై. వెనక గదిలోంచి వంతెన స్తంభం మీది అంకెలని క్లైవ్ బైనాక్యులర్‌తో చూసి రాస్తున్నాను.

థెల్మా ఫోన్ చేసింది. ఆల్విన్ భార్య. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక ఆ పేజీ తెరిచి ఆల్విన్ గొంతు వింటుందని నాకు తెలియదు. క్లైవ్‌కి తెలుసట.

"ఆల్విన్ పలకడం లేదు గ్లెనిస్" అంది. నిందగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"చిన్న రిపేరు థెల్మా. వచ్చే ఆదివారం..."

"తొందరేం లేదు. అతను బతికున్నప్పుడూ ఫోన్ ఎత్తేవాడు కాదు" అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడే ఏడ్చాను. రేపు చెబుతానంటూ కూర్చుంటే లాభం లేదు. చెప్పడం కాదు, తిరిగి తెచ్చుకోవాలి.

ఫిబ్రవరి 17, సోమవారం

పాత కంపెనీ చాలా చిన్నది. ఫోన్ చేస్తే మనిషే ఎత్తుతారు. ఎత్తినావిడ పేరు మోరాగ్, మాటలో స్కాట్లండ్ యాస.

"క్లైవ్ గారి ఇంటి నుంచా? వెళ్లిపోయారని కాగితం రాగానే నేను నమ్మలేదమ్మా. ఆయన పోయారేమో అనుకున్నాను."

"పోలేదు. నేనే పోగొట్టాను."

అంతా చెప్పాను. అడ్డు రాకుండా వింది. వదిలిన చిరునామాలని వాళ్లు పధ్నాలుగు రోజులు ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచుతారట. అంటే ఇరవై ఆరో తేదీ దాకా. ఆ తర్వాత అవి వేరేవాళ్లవి, ఇక బతిమాలినా రావు. పాత లైను మళ్లీ కలపడానికి మనిషి దొరికేది ఇరవై నాలుగున. రెండు రోజుల ముందు.

"అయితే కలపండి."

"ఖాతా ఆయన పేరున ఉంది కదమ్మా. ఆయనైనా మాట్లాడాలి, లేదా ఖాతా రహస్య పదమైనా మీరు చెప్పాలి. 2003లో పెట్టుకున్నారు."

క్లైవ్ జ్వరం నూట రెండు. పదం వెతికి మళ్లీ ఫోన్ చేస్తానన్నాను.

మెట్లకింద గదిలోకి నేను ఇన్నేళ్లలో దూరింది లేదు. తుడవడానికి కూడా రానిచ్చేవాడు కాదు. టార్చి పట్టుకుని దూరాను. తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది, క్లైవ్ చేతిరాత, అంచులు పసుపెక్కాయి. పైన "బార్లీ" అని ఉంది. అది అప్పటి మా కుక్క పేరు. పదం దొరికింది. కింద వరసగా చిరునామాల చివరి అంకెలు:

42 – బ్యాండు (ఎరుపు)
43 – బ్యాండు మెయిలు (పసుపు)
44 – నది (నీలం)
45 – ఆల్విన్ (బూడిద)
46 – గ్లెనిస్ (ఆకుపచ్చ)

ఏ వైరు దేనిదో తెలియడానికి ఒక్కోదానికీ ఒక్కో రంగు ఊలు ముడివేశాడు. అన్నీ నా అల్లికల సంచిలోవే. ఊలు ఎలుకలు ఎత్తుకెళ్తున్నాయని నేను గోల చేస్తుంటే, నాతో పాటు ఎలుకల బోను కొనడానికి వచ్చిన మనిషి.

ఆకుపచ్చ ముడి ఉన్న వైరు రెండో కొస దేనికీ తగిలించి లేదు. చక్కగా చుట్టి మేకుకి వేలాడదీసి ఉంది. కాగితం మీద నా పేరు పక్కన చిన్న అక్షరాలతో: "2003: ఏం పెట్టమంటావని అడిగాను. కప్పు టీ పెట్టమంది. 2011: మళ్లీ అడిగాను. వద్దంది. 2019: అడగలేదు. ఉంచాను."

బ్యాండు వాళ్లు ఎన్నిసార్లు అడిగారో నాకు తెలుసు, పాటలు పెట్టుకోవడానికి ఇంకో చోటు ఇవ్వమని. ఖాళీ లేదనేవాడు. నేను పిసినారివని వెక్కిరించేదాన్ని.

టార్చి ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

నది: పొద్దున ఒకటి యాభై. మధ్యాహ్నం రెండు. మూడింటికి రెండు ఇరవై. వాన నిన్నటి నుంచి ఆగలేదు.

కెమెరా లేదు కనక కెమెరా నేనే. వెనక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గంట గంటకీ చూసి, ముప్పై ఇళ్లలో పదకొండు ఇళ్లకి నేను ఫోన్ చేస్తే మిగతావాళ్లకి వాళ్లు చెబుతున్నారు. నాలుగింటికి రెండు ముప్పై ఐదు. నస్రీన్‌ని అడ్డుపలకలు పెట్టేయమన్నాను.

"నిజంగానా అక్కా? కళ్లద్దాలు పెట్టుకునే చూశావా?"

"రెండు జతలు పెట్టుకున్నాను. పెట్టు."

పెట్టింది. ఆరింటికి నీళ్లు గుమ్మం తాకి, పలకల దగ్గర ఆగి, ఎనిమిదింటికి వెనక్కి తగ్గాయి. వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చింది, పైన వెనిగర్ ధారగా పోసి. ఇద్దరం కిటికీ దగ్గరే తిన్నాం.

"కెమెరా కన్నా నువ్వే నయం. కెమెరా తిట్టదు" అంది.

"క్లైవ్‌కి చెప్పకు."

"ఏది? కెమెరా పోయిందనా, నువ్వు నయమనా?"

క్లైవ్ ఫోన్ చేసినప్పుడు నది సంగతి అడిగాడు. ఒకటి ఇరవై అన్నాను. ఈ డైరీ అతనికి ఇవ్వాల్సింది. ఎలా ఇవ్వను ఇప్పుడు?

ఫిబ్రవరి 21

జ్వరం లేదు. గంజి తాగాడు. ఇవాళ చెప్పొచ్చు. చెప్పలేదు. చిరునామాలు తిరిగి రాకపోతే చెబుతాను. వస్తే చెప్పడం ఎందుకు?

ఫిబ్రవరి 24, సోమవారం

మోరాగ్‌కి రహస్య పదం చెప్పిన వారానికి, మాట ప్రకారం లైను మనిషి పదకొండింటికి వచ్చాడు. పన్నెండుకి మోరాగ్ ఫోన్ చేసింది. "మీ ఎనిమిదీ మీకే వస్తున్నాయి. ఇక పెట్టెలు తగిలించుకోండి."

కోట్ల కింద నుంచి తీసి, ఊలు చూసుకుంటూ ఒక్కోటీ తగిలించాను. ఎరుపు, పసుపు, నీలం, బూడిద. వైర్లంటే నాకు చచ్చేంత భయం గానీ ఊలు నాకు తెలుసు. పెట్టెల మీద చిన్న దీపాలు వెలిగాయి.

నది కనిపించింది. నస్రీన్ తన దుకాణం కిటికీలోంచి చెయ్యి ఊపింది. బ్యాండు పేజీలో వాళ్లంతా బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డారు. చివరికి ఆల్విన్‌ది తెరిచాను. "ముందుగా ప్లగ్గు తీసేయండి. మళ్లీ చెబుతున్నాను, ప్లగ్గు తీసేయండి" అన్నాడు ఆల్విన్. థెల్మాకి ఫోన్ చేసి రిసీవరు దాని దగ్గర పెట్టాను. ఆవిడ చివరిదాకా వింది. తర్వాత, "అవునవును, తీశాను" అంది.

సాయంత్రం క్లైవ్: "కరెంటు వచ్చినట్టుంది."

"ఫ్యూజు మార్చారు."

"పన్నెండు రోజులా?"

"పెద్ద ఫ్యూజు."

"ఊఁ" అన్నాడు. మధ్యలో ముఖం బిగుసుకుపోయింది, పాత లైను కదా. ఇవాళ భయం వేయలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఆకుపచ్చ వైరు పొద్దుటి నుంచి నన్ను పని చేసుకోనివ్వడం లేదు.

క్లైవ్ బల్ల సొరుగులో వాడని చిన్న పెట్టె ఒకటి ఉంది, అరచేతిలో పడుతుంది. మోరాగ్‌కి ఫోన్ చేసి సిగ్గు విడిచి అడిగాను. ఇది మా పని కాదు అనలేదు. "నా టీ తెచ్చుకుంటాను ఉండండి" అంది. మూడు గంటలు పట్టింది. ఒక్కో అక్షరం ఆవిడ చెబితే నేను కొట్టాను. చిరునామా దగ్గర మాత్రం నా తెలివి చూపించాను. వీధిలో చివరి ఇల్లు నాకిష్టం కదా అని 47 కొట్టాను. ఎంతకీ పలకదు.

"ఏ అంకె కొట్టారమ్మా?"

"నలభై ఏడు."

అటువైపు కప్పు కింద పెట్టిన చప్పుడు. "అది చివరిది. అక్కడ..."

"చాటింపు చోటు" అన్నాను. ఇరవై రెండేళ్లు ఆ పాఠం విని, మొదటి రోజే చాటింపు చోట్లో కాపురం పెట్టబోయాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. క్లైవ్ తాళం వేసుకున్న కథ కూడా చెప్పేశాను. ఇకముందు వెక్కిరించే అర్హత నాకు లేదు.

46 కొట్టాను. పలికింది.

పేజీలో ఏం రాయాలని మోరాగ్ అడిగితే, అది నేను రాసుకుంటాను, మీరు టీ తాగండి అన్నాను. ఇలా రాశాను:

"క్లైవ్, కరెంటు పోలేదు. నీ ముఖం ఆగిపోతుంటే చూడలేక కొత్త లైను ఒప్పుకున్నాను. ఎనిమిదీ నేనే పోగొట్టాను, నేనే తెచ్చాను. నది రెండు ముప్పై ఐదు దాకా వచ్చింది, నీకు ఒకటి ఇరవై అని అబద్ధం చెప్పాను. నస్రీన్ దుకాణం బాగానే ఉంది. తలుపు మీద కాగితం చదివాను. ఐదోది ఇంక ఖాళీ లేదు. ఇక్కడ నేనున్నాను. ఊలు సంగతి ఇంటికొచ్చాక తేలుద్దాం."

ఫిబ్రవరి 26, బుధవారం

ఏడూ పదికి ఫోన్ మోగింది. మాట లేదు, ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. ఆసుపత్రి వాళ్లేమో అనుకున్నాను.

"గ్లెన్" అన్నాడు. "ఐదోది పలికింది."

"పలుకుతుంది మరి. పేజీ చదివావా?"

"చదివాను. నర్సు వచ్చి నాడి చూసి కంగారు పడుతోంది. నాకేం కాలేదని నువ్వే చెప్పు."

"కోపం వచ్చిందా?"

"ఎప్పుడో రెండు వారాల కిందట కొంచెం వచ్చింది."

"నీకు తెలుసా?"

"నలుగురూ ఒక్కసారే నోరు మూసుకున్నారు. ఆ రాత్రే నీ ముఖం మొదటిసారి స్పష్టంగా కనిపించింది. నలభై ఏళ్లు ఎక్స్ఛేంజిలో గాడిదలు కాశాననుకున్నావా? ఫ్యూజట, పెద్ద ఫ్యూజట."

"మరి అడగలేదేం?"

"అబద్ధం చెప్పడానికి అంత కష్టపడుతున్నావు, మధ్యలో అడ్డం రావడం ఎందుకని." నర్సుని అవతలికి పంపాడు. "పోతే పోయాయిలే అనుకున్నాను గ్లెన్. నాలుగింటికీ వేరే దారి ఏదో చూడొచ్చు. ఐదోదానికే బాధపడ్డాను. ఎప్పటికైనా ఏదో ఒకటి అడుగుతావనుకున్నాను."

అటువైపు టీ బండి గలగల వినిపించింది.

"ఇంకోసారి పలకరించనా?" అన్నాడు.

"పలకరించు."

మెట్లకింద గది తలుపు తీసి నిలబడ్డాను. ఆకుపచ్చ ఊలు పక్కన చిన్న దీపం మిణుకుమంది.

మార్చి 2, ఆదివారం

నది: తొంభై సెంటీమీటర్లు. క్లైవ్ ఇంట్లో ఉన్నాడు. పైజామాలు ఆసుపత్రిలో మర్చిపోయి వచ్చాడు.

నది మట్టాలు చూడాలి, డైరీ ఇమ్మన్నాడు. అంకెలు మాత్రం వేరే కాగితం మీదికి ఎక్కించి, నిజమైనవే, ఇచ్చాను. మిగతాది నేను ఉంచుకున్నాను.